మావయ్యగారి పేరు పెట్టిన ప్రోగ్రాం

మా మావయ్యగారిని నేను చూడలేదు. నా పెళ్ళి నాటికే ఆయన పోయారు. హాల్లో గోడమీద ఫోటోలో ఉండేవారు, కోటు వేసుకుని, ఎవరో పిల్లవాడు తప్పు లెక్క చెబుతుంటే ఓపిగ్గా వింటున్నట్టు మొహం పెట్టి. అద్దంకి వైపు ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంతకు మించి ఆయన గురించి నాకు తెలిసిందల్లా ఆయన పేరు. ఆ పేరు కూడా నేను పలకడానికి లేదు. కోడలు మావగారి పేరు పలకకూడదు, పెళ్ళాం మొగుడి పేరు పలకకూడదు. మా ఇంట్లో ఈ రెండూ నడిచేవి. బీఎస్సీ చదివి, గుంటూరు బ్రాడీపేటలో కంప్యూటరు పాఠాలు చెప్పేదానివి, నువ్వు కూడా పాటించావా అంటే, పాటించాను. అత్తయ్య ఉన్న ఇంట్లో ఇంకోలా చెయ్యాలని నాకు తోచను కూడా తోచలేదు.

అత్తయ్య పట్టింపు ముందు నాది ఏపాటి! జనాభా లెక్కల వాళ్ళు వచ్చి ఇంటాయన పేరు అడిగితే ఆవిడ పక్కింటావిడని కేకేసేది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి పేరు చెప్పి వెళ్ళిపోయాక, మిగతా వివరాలు అత్తయ్య చెప్పేది. మా వీధిలోకి వచ్చే కూరలబండి అతనిదీ అదే పేరు కావడం వల్ల, అతను తాతయ్య అయ్యాక కూడా ఆవిడకు "బండబ్బాయి" గానే ఉండిపోయాడు. పైగా అది దేవుడి పేరు. రోజూ పొద్దున్నే పూజలో కూర్చుని దేవుడి నామాలు వంటింట్లోకి వినబడేలా పైకి చదివేది. చదువుతూ చదువుతూ ఆ ఒక్క నామం దగ్గరకు వచ్చేసరికి గొంతు ఆగిపోయేది, పెదాలు మాత్రం కదిలేవి. ఆ తర్వాతి నామం మళ్ళీ పైకి వినిపించేది. కాపురానికొచ్చిన కొత్తలో పొలమారిందేమోనని గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తాను. ఆవిడ నీళ్ళు తాగలేదు. చదవడం ఆపకుండానే కళ్ళతో గోడమీది ఫోటో చూపించింది.

ఇదంతా ఎనభైల చివరి సంగతి. మా ఆయన బ్రాడీపేటలో ఒక మేడమీద కంప్యూటర్ సెంటర్ పెట్టారు. కింద పిల్లల డాక్టరు క్లినిక్కు. పైన మా ఏసీ గది, బయట చెప్పుల గుట్ట. ఆ చెప్పుల్లో సగం కంప్యూటరు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళవి, సగం ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళవి. కొందరు ఏసీ కోసం వచ్చేవాళ్ళు. వాళ్ళలో మా అన్నయ్య ఒకడు.

అన్నయ్య అద్దంకి పక్కన పత్తి వేసేవాడు. ఆ ఏళ్ళలో మా వైపు పత్తి సాగంటే పురుగుమందు కొట్టడమే. ఇవాళ ఒక మందు, వారం తిరక్కుండా ఇంకో మందు. సీసాల మీద రాతంతా ఇంగ్లీషులో చీమల బారులా ఉండేది. అన్నయ్య గుంటూరులో మందులు కొనుక్కుని, సంచీతో సహా మేడెక్కి వచ్చి, ఏసీకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, సీసా నా చేతికిచ్చేవాడు.

"లీటరు నీళ్ళకి ఇన్ని మిల్లీలీటర్లు అని ఉందన్నయ్యా."

"నాకు మిల్లీలీటర్లు చెప్పమాకే. ట్యాంకుకి ఎన్ని మూతలో చెప్పు."

పొలంలో కొలత మూతే. సీసా మూత తీయడం, దాంతోనే కొలిచి, వీపుకు తగిలించుకునే ట్యాంకులో పొయ్యడం. ఒక్కో సీసాది ఒక్కో సైజు మూత, ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు ట్యాంకు. ప్రతిసారీ కాయితం మీద లెక్క వేసి విసుగొచ్చి, బేసిక్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. లీటరుకి మందు ఎంత, మూత ఎంత, ట్యాంకు ఎంత అని అడుగుతుంది. ఎన్ని మూతలో చెబుతుంది. అంతే. అచ్చు కొట్టి ఇస్తే అన్నయ్య జేబులో పెట్టుకుని వెళ్ళాడు. పదిరోజులకు తిరిగొచ్చి నామీద విరుచుకుపడ్డాడు.

"రెండున్నర మూతలంట! అర మూత ఎట్టా పొయ్యాలే? అర అనుకుని పోస్తే అది ముప్పావయి కూర్చుంటది. ఆకులు మాడితే నీ కంప్యూటరు వచ్చి ఏడుస్తదా?"

కోపం వచ్చింది గానీ, వాడు చెప్పింది నిజం. ఆ సాయంత్రమే కూర్చుని మార్చాను. లెక్కలో అర మూత వస్తే ఆ అరను ప్రోగ్రాం వదిలేస్తుంది. మిగిలిన నిండు మూతలకు సరిపడేలా నీళ్ళు తగ్గిస్తుంది. రెండు మూతలు పొయ్యి, నీళ్ళు ట్యాంకు మీద ఫలానా గీత దాకా చాలు అని చెబుతుంది. అందులో నేను చేసిన తెలివైన పని ఏదైనా ఉంటే ఆ మార్పు కోసం రాసిన నాలుగు వరసలే. వాటిని చూసుకుని నేను మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకున్నా మురిసిపోతాను.

మద్రాసులో కంప్యూటర్లు వాడేవాళ్ళ సంఘం ఒకటుండేది. ఎవరైనా చిన్న ప్రోగ్రాం రాస్తే, రాసిన వరసలన్నీ ఉన్నవి ఉన్నట్టు ఫ్లాపీలో పెట్టి పంపాలి. అడిగిన ప్రతివాళ్ళకీ సంఘం దాన్ని ఉచితంగా కాపీ చేసి ఇస్తుంది. తీసుకున్నవాళ్ళు వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. రాసినవాళ్ళ పేరు మాత్రం తీసెయ్యకూడదు. ఇప్పుడు దీన్ని ఓపెన్ సోర్స్ అంటున్నారు. అప్పుడు మేం ఫ్లాపీలు ఇచ్చిపుచ్చుకోవడం అనేవాళ్ళం. సంఘం వాళ్ళు అప్పుడప్పుడూ ఒక కేటలాగు అచ్చేసేవాళ్ళు. అందులో ప్రోగ్రాం పేరు, అది ఏ తరగతికి చెందుతుంది, ఎవరు రాశారు, ఈ మూడూ ఉండేవి. ఒకరు రాసింది ఇంకొకరు తమదని పంపడం అప్పటికే మొదలైంది కాబట్టి, చేర్చుకునే ముందు సంఘం మనిషి ఒకాయన స్వయంగా వచ్చి చూసేవాడు. ప్రోగ్రాం గురించి ఎవరు వివరంగా చెప్పగలిగితే వాళ్ళే రాసినట్టు లెక్క. వాళ్ళ పేరే కేటలాగులోకి ఎక్కేది.

పంపుదామన్నది మా ఆయనే. రాసినవారు అన్నచోట సెంటర్ పేరు వేయిద్దామన్నదీ ఆయనే.

"ఎవరు రాస్తే ఏంటి, ఇంట్లోదేగా?" అన్నారు.

"అలాగైతే పంపొద్దు," అన్నాను. నా పేరు అచ్చులో చూసుకోవాలని నాకు ఉంది. చిన్నప్పుడు పదో తరగతి ఫలితాల్లో నంబరు వచ్చింది గానీ పేరు రాలేదు. శుభలేఖలో వచ్చిందంటే అది నేను చేసిన పనికి కాదు. ఇది నేను చేసిన పని. మూడు రోజులు ముభావంగా తిరిగాక ఆయన దిగివచ్చారు. సంఘం నుంచి వచ్చినాయనకు నువ్వే చెప్పు, నీ పేరే వేస్తారు అన్నారు.

ఇక తరగతి. సంఘం వాళ్ళు పంపిన వరస ఇది: ఆటలు, వ్యాపారం, చదువు, సైన్సు, పనిముట్లు, ఇతరాలు. పొలం పని అనేది అందులో లేనే లేదు. మద్రాసు వాళ్ళకు పొలాలు ఎక్కడివి! మా ఆయన వ్యాపారం అన్నారు. వ్యాపారంలో వేస్తే నలుగురు షావుకార్లు సెంటర్ మెట్లెక్కుతారని ఆశ. నేను సైన్సు అన్నాను, గొప్పగా ఉంటుందని. అన్నం వడ్డిస్తున్న అత్తయ్య ఇద్దరి మాటా విని, "అందులో వంట లేదా?" అని అడిగింది.

"ఇది పురుగుమందమ్మా!" అన్నారు మా ఆయన.

"పాళ్ళు కలపడం కదరా. ఎక్కువైతే మాడుద్ది, తక్కువైతే పనిచెయ్యదు. మరి వంటేగా," అంది.

మేమిద్దరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు, మజ్జిగ పోసింది.

పేరు దగ్గర మాత్రం నవ్వులేం లేవు. నాకు "మూత" అని పెట్టాలని ఉంది. ఊరగాయ జాడీకి పెట్టినట్టుంది, ఇంకేదైనా చూద్దాం అన్నారు మా ఆయన. సరే చూద్దాం అనుకుంటుండగా, ఒకరోజు భోజనాల దగ్గర, తీరిగ్గా, నిర్ణయం అయిపోయినట్టు, "నాన్న పేరు పెడుతున్నా," అన్నారు. నాన్న లెక్కల మాస్టారు, ఇది లెక్క. నాన్నకు పత్తిచేను ఉండేది, ఇది పత్తికి పనికొచ్చేది. మన సెంటర్లో పుట్టిన మొదటి ప్యాకేజీ. ఇంతకంటే ఏం కావాలి అన్నారు. అప్పటికే మొదటి స్క్రీను మీద పెద్ద అక్షరాలతో ఆ పేరు వచ్చేలా పెట్టేశారు కూడా.

"ఆ పేరు పుట్టబోయేవాడికి అనుకున్నా గదరా," అంది అత్తయ్య. మాకు అప్పటికింకా పిల్లల్లేరు.

"వాడికీ పెడదాం లేమ్మా. పేరు అరిగిపోద్దా ఏంటి?"

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సంతోషమే అయ్యుంటుంది. నేను మాత్రం లోపల భగ్గుమన్నాను. చనిపోయిన మనిషి పేరు వద్దంటే కోడలు చెడ్డదైపోతుంది. వద్దనకపోతే నా ప్రోగ్రాం పేరు నేనే పలకలేను. మా ఆయన కాయితాల మీద రోజూ తండ్రి పేరు రాసేవారు, ఫోన్లో చెప్పేవారు. ఆ పేరు పలకడానికి లేనివాళ్ళం లోకంలో ఇద్దరమే ఉన్నాం. వచ్చినాయన ముందు నిలబడి ఆ పేరు చెప్పాల్సింది ఆ ఇద్దర్లో ఒకదాన్ని. ఆ సంగతి ఆయన తలలోకి వచ్చినట్టే లేదు.

గదిలోకి వెళ్ళాక చెప్పాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

"సెంటర్లో చెబితే ఏమవుద్ది? అమ్మ వినదుగా?"

సంఘం మనిషి వచ్చే రోజు పొద్దున్నే అత్తయ్య తనూ సెంటర్‌కి వస్తానంది. ఆయన పేరు పెట్టే రోజు తను లేకుండా ఎలా అంది. ఆవిడ లెక్కలో అది బారసాలే. పులిహోర కలిపింది, ముందురోజే సున్నుండలు చుట్టి డబ్బాలో సర్దింది. జరీ అంచు చీర కట్టింది. నేను మా ఆయన వంక చూశాను, ఆయన కిటికీ వంక చూశారు.

నాకొక ఉపాయం తోచింది. ప్రోగ్రాం మొదలుపెట్టగానే పేరు స్క్రీను మీదకు వస్తుంది. వేలితో చూపించి, "ఇదండీ" అంటే సరిపోతుంది. ఆ తర్వాతదంతా నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఈ ధైర్యంతోనే వెళ్ళాను.

సంఘం నుంచి వచ్చినాయన తెలుగాయనే, మద్రాసులో ఉద్యోగం. చేతిసంచీ, మెడలో కళ్ళజోడు తాడు, మధ్యాహ్నం రైలు అందుకోవాలన్న కంగారు. గది నిండా విద్యార్థులు. వెనక గోడ దగ్గర కుర్చీలో, ఒళ్ళో డబ్బాతో అత్తయ్య. నేను ఫ్లాపీ పెట్టి మీట నొక్కబోతుండగా కరెంటు పోయింది.

గుంటూరులో కరెంటు పోవడం వార్త కాదు. విద్యార్థులు అలవాటుగా ఊళ వేసి కిటికీలు తెరిచారు. కింద వీధిలో ఆటోల మోత, క్లినిక్కులో పిల్లల ఏడుపు ఒక్కసారిగా గదిలోకి వచ్చాయి. వచ్చినాయన గడియారం చూసుకున్నాడు.

"ఎప్పుడొస్తుందో ఏమో. ఈలోగా నోటితో చెప్పండమ్మా, రాసుకుంటాను. ప్యాకేజీ పేరు?"

నేను చీకటి స్క్రీను వంక చూశాను.

"మా మావయ్యగారి పేరండీ."

"అదే, ఏమిటది?"

ఆయన పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "పేరు తెలియదామ్మా?" అన్నాడు, ఎగతాళిగా కాదు, జాలిగా. ఎగతాళి అయితే తట్టుకునేదాన్ని.

మా ఆయన ముందుకొచ్చి, ఎదురు కుర్చీలో కూర్చుని పేరు చెప్పారు. నన్ను గట్టెక్కించడానికే చెప్పారు, అందులో అనుమానం లేదు. కానీ వచ్చినాయన కుర్చీ పేరు చెప్పినాయన వైపు తిరిగింది. ఏ తరగతి అని అడిగితే వ్యాపారం అన్నారు. దేనికి పనికొస్తుంది అంటే అదీ చెప్పారు. ఒక్కో జవాబుకు ఆయన గొంతు లేస్తోంది. నేను బల్ల పక్కన నిలబడ్డాను. పెన్ను చకచకా నడుస్తోంది. రాసినవారు అన్నచోట మా ఆయన పేరు ఎక్కడం తలకిందులుగా నాకు కనబడింది.

"అర మూత వస్తే ఏం చేస్తుంది?" అని అడిగాడు వచ్చినాయన. తెలివైనవాడే.

మా ఆయన తడబడ్డారు. "అప్పుడు, దగ్గర్లో ఉన్న అంకెకు..." అన్నారు.

"కాదండీ, నీళ్ళు..." అని నేను అందుకోబోయాను.

"ఒక్క నిమిషం ఆగండమ్మా, రాసినాయన్ని చెప్పనివ్వండి," అన్నాడు ఆయన, నావైపు చూడకుండా చెయ్యి ఎత్తి.

వెనక కుర్చీ కదిలిన చప్పుడైంది. అత్తయ్య సున్నుండల డబ్బా కుర్చీలో పెట్టి లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"బాబూ, మీరు రాసుకునేది తప్పు," అంది.

అప్పుడు ఆవిడ ఆ పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, మొత్తం పేరు, అక్షరం నలగకుండా, స్కూల్లో హాజరు పిలిచినంత స్పష్టంగా చెప్పింది. మా ఆయన తల్లి వంకే చూస్తూ బల్ల అంచు పట్టుకున్నారు. తల్లి నోట తండ్రి పేరు ఆయన వినడం అదే మొదలు.

"ఆయన నా భర్త," అంది అత్తయ్య. "ఆ పేరు మా కోడలు పలకకూడదు. అందుకని నోరు మూసుకుని నిలబడింది. తెలియక కాదు. నేనూ పలకకూడదు. ఇప్పుడు పలికాను. ఇంక పేరు గొడవ లేదుగా? మిగతాది దాన్ని అడగండి. రాసింది అది. మావాడు కాదు."

చెప్పి కూర్చుని, డబ్బా మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. డబ్బా మూత టకటకలాడింది.

"అవునండి. రాసింది తనే," అన్నారు మా ఆయన. చెవులు ఎర్రబడ్డాయి. తన కుర్చీ నావైపు జరిపి, పక్కకెళ్ళి నిలబడ్డారు.

వచ్చినాయన రాసింది కొట్టేసి నావైపు తిరిగాడు. కరెంటు లేకుండానే చెప్పాను. మూత గురించి, ట్యాంకు మీది గీతల గురించి, మా అన్నయ్య తిట్ల గురించి కూడా చెప్పాను. ప్రతి వరసా ఏం చేస్తుందో, ఎందుకు అక్కడుందో చెప్పాను. ఆయన మధ్యలో రాయడం మానేసి విన్నాడు. తరగతి దగ్గరకొచ్చేసరికి, వ్యాపారం కాదు సైన్సూ కాదండీ, పొలం పని అన్నాను. అలాంటిది వరసలో లేదన్నాడు. కాసేపు ఆలోచించి ఇతరాలు అని రాశాడు. నేను ఒప్పుకున్నాను. పులిహోర తిన్నాడు, రెండు సున్నుండలు జేబురుమాల్లో కట్టుకుని రైలుకి వెళ్ళాడు. ఆయన మెట్లు దిగుతుండగా కరెంటు వచ్చింది.

కేటలాగులో ఇతరాల కింద, మావయ్యగారి పేరుకు ఎదురుగా నా పేరు పడింది. అన్నయ్య దాన్ని అద్దంకి తీసుకెళ్ళి అందరికీ చూపించి నలిపేశాడు. బ్రాడీపేటలో ఫ్లాపీ కాపీ చేసుకున్న పిల్లలు దాన్ని మూతల ప్రోగ్రాం అనే పిలిచారు, మార్చుకున్నారు, మిరపకూ వాడారు. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రోజు సెంటర్ నుంచి ఇంటికి ఆటోలో అత్తయ్యా నేనూ వచ్చాం. దారి పొడుగునా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చుంది. నాకు ఏదో ఒకటి చెప్పాలని ఉంది. మా ఇళ్ళలో కృతజ్ఞతలు చెప్పుకునే అలవాటు లేదు.

"పులిహోర అందరికీ నచ్చింది అత్తయ్యా," అన్నాను.

"ఉప్పు తగ్గింది," అంది, కొంగు తియ్యకుండానే.

మర్నాడు పొద్దున్న నేను వంటింట్లో ఉప్మాకి రవ్వ వేయిస్తున్నాను. పూజలో ఆవిడ నామాలు చదువుతోంది. ఆ నామం దగ్గరపడుతున్న కొద్దీ నా చెయ్యి నెమ్మదించింది. ఒకసారి పలికేసిన పేరే కదా, ఇంక దాచుకోవడానికి ఏముంది అనుకున్నాను. ముందు నామం వినబడింది. గొంతు ఆగింది. రవ్వ మాడు వాసన వేస్తున్నా అట్లాగే నిలబడ్డాను. తర్వాతి నామం మళ్ళీ పైకి వినబడింది.